ముంబై పొలిమేరలో అడవి ఎలా మిగిలింది

ముంబైలోని బోరివలి స్టేషన్‌లో లోకల్ రైలు దిగి తూర్పు వైపు నడిస్తే, పశ్చిమ ఎక్స్‌ప్రెస్ హైవే దాటిన కాసేపటికే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం గేటు వస్తుంది. ఆ గేటు వెనక అడవి దాదాపు 104 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. అందులో సుమారు 44 చదరపు కిలోమీటర్లు ముంబై శివారు జిల్లాలోను, 59 చదరపు కిలోమీటర్లు ఠాణే జిల్లాలోను ఉన్నాయి. పడమట బోరివలి, కాందివలి, మలాడ్, గోరేగావ్, తూర్పున ములుండ్, భాండుప్, దక్షిణాన ఆరే కాలనీ, పవాయి, ఉత్తరాన ఘోడ్‌బందర్ రోడ్డు, ఆ రోడ్డుకు అవతల వసాయి ఉప్పుటేరు దీని ఎల్లలు. చుట్టూ ఉన్న మహానగర ప్రాంతంలో రెండు కోట్లకు పైగా జనం బతుకుతున్నారు. ఇల్లు చదరపు అడుగు లెక్కన బేరమయ్యే ఈ ఊళ్లో, పది అంతస్తుల కిటికీలోంచి కనిపించే చెట్ల కింద చిరుతపులులు తిరుగుతున్నాయి. 2018లో కెమెరా ట్రాప్‌లతో (జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలతో) చేసిన అధ్యయనం ఈ ఉద్యానంలోను, దాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోను కలిపి 47 చిరుతలు ఉన్నాయని అంచనా వేసింది. ప్రపంచంలో చిరుతలు అత్యంత ఒత్తుగా బతికే చోట్లలో ఇదొకటి.

ఇంత ఖరీదైన నేల నడుమ ఇంత అడవి ఎలా మిగిలింది అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జాతీయ ఉద్యానంగా ప్రకటించిన నేలలో ఇళ్లు కట్టడానికి, పశువులను మేపడానికి, చెట్లు కొట్టడానికి వీలుండదన్నది నిజమే. అయితే చట్టం కాపాడేది పటం మీద గీసిన హద్దుకు లోపలి భాగాన్ని మాత్రమే. హద్దుకు అవతల చెత్త ఎవరు ఎత్తాలి, వీధిదీపం ఎక్కడ వెలగాలి, మరుగుదొడ్డి ఎవరింట్లో ఉంది, రోడ్డు ఎటు మలుపు తిరగాలి అన్న నిర్ణయాలు మునిసిపల్ కార్పొరేషన్ చేతిలోను, రైల్వే, మెట్రో, రోడ్ల సంస్థల చేతిలోను ఉంటాయి. ఈ అడవి చరిత్రను దగ్గరగా చూస్తే దాని బాగోగులు ఎక్కువగా తేలింది లోపల కాదని, ఈ అంచునేనని అర్థమవుతుంది. నగర శివార్లలో పచ్చదనాన్ని నిలబెట్టుకోవాలనుకునే ఏ ఊరికైనా ముంబై అనుభవం పనికొచ్చేది ఈ కోణం నుంచే.

ఈ కొండలతో మనిషికి ఉన్న సంబంధం చాలా పాతది. ఉద్యానం నడిబొడ్డున నల్లని బసాల్టు రాతిలో తొలిచిన కన్హేరీ గుహలు నూటికి పైగా ఉన్నాయి. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్ది ప్రాంతం నుంచి దాదాపు వెయ్యేళ్ల పాటు బౌద్ధ భిక్షువులు ఇక్కడ నివసించారు. సోపారా, కల్యాణ్ రేవుపట్టణాల వర్తకులు వీరికి దానాలిచ్చినట్టు గుహల్లోని శాసనాలు చెబుతున్నాయి. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి 16వ పాలనా సంవత్సరపు శాసనం ఇక్కడే ఉంది. అదే రాజు 27వ పాలనా సంవత్సరపు శాసనం తూర్పు తీరంలో, నేటి బాపట్ల జిల్లా చినగంజాంలో దొరికింది. పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రం దాకా ఒకే పాలన నడిచిందనడానికి ఈ రెండు శాసనాలూ సాక్ష్యాలు కనుక, తెలుగువారి చరిత్ర చదివేవారికి కన్హేరీ పరాయి చోటేమీ కాదు. ఈ వ్యాసానికి సంబంధించినంత వరకు అక్కడ గమనించవలసింది మరొకటుంది. దాదాపు ప్రతి గుహ పక్కనా రాతిలో తొలిచిన నీటి తొట్టి, కొండ మీద కురిసిన వానను ఆ తొట్టిలోకి మళ్లించే సన్నని కాలువలు కనిపిస్తాయి. ఈ కొండలకు విలువ తెచ్చింది మొదటి నుంచీ నీరే.

పందొమ్మిదో శతాబ్దిలో బొంబాయి కూడా నీటి కోసమే ఇటు చూసింది. బావులు, చెరువుల మీద ఆధారపడిన దీవి నగరానికి పెరుగుతున్న జనాభాతో కటకట మొదలైంది. మిఠీ నది పుట్టే చోట ఆనకట్ట కట్టి విహార్ జలాశయాన్ని నింపి 1860లో నగరానికి గొట్టాల ద్వారా నీరు పంపారు. 1879 నాటికి దానికి పైన తులసీ జలాశయం తయారైంది. విహార్‌లో దాదాపు 2,770 కోట్ల లీటర్లు, తులసీలో 800 కోట్ల లీటర్ల పైచిలుకు నీరు నిలుస్తుంది. తాగే నీటిలోకి మురుగు దిగకూడదు కనుక, పూడిక చేరకూడదు కనుక, జలాశయాల చుట్టూ ఉన్న వాలులను నివాసానికీ సేద్యానికీ ఇవ్వకుండా అట్టే పెట్టారు. అప్పటికి ఎవరి తలలోనూ జాతీయ ఉద్యానం అన్న ఆలోచన లేదు. చిరుతను చంపినవాడికి బహుమతి ఇచ్చే రోజులవి. నీళ్ల కోసం వేసిన కంచె వెనక అడవి దానంతటదే నిలిచింది.

ఇక్కడ కొంత ఆగి హైదరాబాద్ వైపు చూడాలి, ఎందుకంటే రెండు నగరాల కథ ఒకే చోట మొదలై వేర్వేరు దారులు పట్టింది. 1908 నాటి మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111వ నంబరు జీవో, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. నగరానికి పడమటి అంచున అంత విశాలమైన బయలు చాలాకాలం కట్టడాలకు దూరంగా ఉండటానికి ఆ ఒక్క ఉత్తర్వే ప్రధాన కారణం. కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం ఈ జలాశయాల మీద ఆధారపడటం లేదన్న వాదన బలపడింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. ముంబైలోనూ అదే జరిగి ఉండేది. వైతరణ, భాత్సా నదుల నుంచి దూరపు నీళ్లు వచ్చాక నగర అవసరాల్లో విహార్, తులసీల వాటా చాలా తక్కువకు పడిపోయింది. అయితే నీటి అవసరం బలహీనపడే నాటికి ఆ అడవికి మరో రక్షణ తోడైంది. 1970వ దశకంలో జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని, పాత కృష్ణగిరి ఉపవనాన్ని, చుట్టుపక్కల అటవీ భూములను కలిపి బోరివలి జాతీయ ఉద్యానంగా మార్చారు. 1980వ దశకంలో దానికి నేటి పేరు వచ్చింది. ఒకే ప్రయోజనం మీద నిలబెట్టిన పచ్చదనం ఆ ప్రయోజనం తీరగానే బేరానికి వస్తుంది. ఒక కారణం సడలకముందే మరో కారణాన్ని దానికి జోడించగలిగినందువల్లనే ముంబై గట్టెక్కింది.

గట్టెక్కిందన్న మాట పూర్తిగా నిజం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది, దానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువేమీ కాదు. జాతీయ ఉద్యానమని కాగితం మీద రాసినా 1990వ దశకం నాటికి పడమటి, తూర్పు అంచులన్నీ వేల గుడిసెలతో నిండిపోయాయి. అద్దె కట్టుకోలేని కూలీలు, ఇళ్లలో పనిచేసేవారు, భవన నిర్మాణ కార్మికులు ఆ వాలుల మీద ఇళ్లు వేసుకున్నారు. స్థానిక నాయకులు వారికి కుళాయిలూ కరెంటూ ఇప్పించి ఓట్లుగా మార్చుకున్నారు. 1995లో బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 1997లో బాంబే హైకోర్టు ఆక్రమణలన్నింటినీ తొలగించాలని ఆదేశించింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో సాగిన కూల్చివేతలు నగర చరిత్రలోని అతిపెద్ద వాటిలో ఒకటి. 1995 జనవరి 1 నాటి ఓటరు జాబితాలో పేరున్న కుటుంబాలు 7,000 రూపాయలు కడితే వేరే చోట స్థలం ఇస్తామన్నారు. మొదట చూపిన స్థలం పని దొరికే చోట్లకు ఎంతో దూరాన, కల్యాణ్ వైపు ఉండటంతో చాలామంది అక్కడికి పోలేకపోయారు. సుదీర్ఘ పోరాటం తర్వాత చాందివలిలోని సంఘర్ష్ నగర్‌లో కొందరికి ఫ్లాట్లు దక్కాయి.

అడవి హద్దును కోర్టు ద్వారా నిలబెట్టడం అవసరమేనని ఒప్పుకున్నా, ఆ నిలబెట్టిన తీరులోని అన్యాయాన్ని పక్కకు నెట్టడం సరికాదు. గుడిసె కూలిన అదే అంచున, హద్దుకు కొన్ని అడుగుల ఇవతల, అడవి కనిపించే ఇళ్లు అని ప్రకటనలిచ్చుకుని బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. అడవికి వీటివల్ల కలిగే ఒత్తిడి గుడిసెల ఒత్తిడి కంటే తక్కువేమీ కాదు. ఇక అడవి లోపల తరతరాలుగా ఉన్న వార్లీ, కోక్నా, మల్హార్ కోలీ ఆదివాసుల పాడాలను (గూడేలను), నిన్నమొన్నటి ఆక్రమణలను ఒకే గాటన కట్టడం మరింత పెద్ద పొరపాటు. అడవిలోనే పుట్టానని కాగితాల మీద చూపలేని ఆదివాసికి ఓటరు జాబితా కొలబద్ద ఎలా అవుతుంది? 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఈ పాడాలకు కరెంటు, నీరు, మరుగుదొడ్డి విషయంలో పేచీలు తెగలేదు.

ఉద్యానం అంచు ఎలా పనిచేస్తుందో అందరికంటే స్పష్టంగా చూపించింది చిరుత. 2002 నుంచి 2004 వరకు ఈ చుట్టుపక్కల మనుషుల మీద చిరుతల దాడులు పదుల సంఖ్యలో జరిగాయి. 2004లో అవి పరాకాష్ఠకు చేరి పలువురి ప్రాణాలు తీశాయి. చీకటి పడ్డాక బహిర్భూమికి వెళ్లినవారు, వాకిట్లో ఆడుకునే పిల్లలు ఎక్కువగా బలయ్యారు. అడవిలో ఆహారం లేక చిరుతలు ఊళ్ల మీద పడుతున్నాయన్న మాట పత్రికల్లో, టీవీల్లో మారుమోగింది. దానికి తగ్గట్టే అటవీ శాఖ మొదట చేసిన పని బోనులు పెట్టడం, దొరికిన చిరుతను మరో చోట వదలడం. అడవిలోకి పందులను, కుందేళ్లను వదిలే ప్రయత్నం కూడా జరిగింది.

ఆ దారి ఎందుకు తప్పో మహారాష్ట్రలోనే, పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో తేలింది. అక్కడి చెరకు తోటల్లో పట్టిన చిరుతలను పెద్ద సంఖ్యలో వేరే అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ, ఆమె సహ పరిశోధకులు ఆ ఫలితాలను పరిశీలించి 2011లో ప్రచురించారు. తరలింపు మొదలుకాక ముందు జున్నర్ పరిసరాల్లో మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4 ఉంటే, తరలింపు మొదలయ్యాక అవి 17కు పెరిగాయి. దాడుల్లో ప్రాణాలు పోయిన సందర్భాల నిష్పత్తి కూడా పెరిగింది. దీనికి కారణం చిరుత జీవన విధానంలోనే ఉంది. ప్రతి పెద్ద చిరుతకూ సొంత తిరుగుడు ప్రాంతం ఉంటుంది. ఎక్కడ దాక్కోవాలో, ఏ వేళ ఏ దారిలో మనుషులుండరో దానికి తెలిసి ఉంటుంది. దాన్ని పట్టి తీసుకుపోతే ఖాళీ అయిన చోటికి అనుభవం లేని కుర్ర చిరుతలు పోటీ పడి వస్తాయి. కొత్త చోట వదిలిన జంతువేమో దెబ్బలతో, బెదురుతో, ఇంటి దారి వెతుక్కుంటూ మనుషుల మధ్యకే నడుస్తుంది. 2009లో మాల్షేజ్ ఘాట్ దగ్గర రేడియో కాలర్ కట్టి వదిలిన ముసలి మగ చిరుత ఒకటి రైలు పట్టాలు, రహదారులు, చివరకు వసాయి ఉప్పుటేరు దాటి సుమారు 120 కిలోమీటర్లు ప్రయాణించి ఈ ఉద్యానానికే చేరింది. దారి పొడవునా అది ఒక్క మనిషికీ హాని చేయలేదు.

ఇక ఆకలి సంగతి. ఈ చిరుతలు అంచుకు రావడానికి కారణం అడవిలో తిండి కరువవడం మాత్రమే అనుకుంటే పొరపాటు. అంచున తిండి సమృద్ధిగా దొరకడం అంతకంటే బలమైన కారణం. ఎత్తని చెత్త కుప్పలు వీధికుక్కలను, పందులను పోషిస్తాయి. అవి చిరుతకు సులువైన వేట. 2018లో వెలువడిన ఒక పరిశోధన ఇక్కడి చిరుతల ఆహారంలో దాదాపు 40 శాతం కుక్కలేనని లెక్కగట్టింది. చిరుతలు కుక్కల సంఖ్యను అదుపులో ఉంచడం వల్ల చుట్టుపక్కల బస్తీల్లో కుక్కకాట్లు, వాటితో వచ్చే రేబీస్ ముప్పు తగ్గుతున్నాయని కూడా ఆ పరిశోధకులు చెప్పారు. మాంసం దుకాణం వ్యర్థాల నుంచి కుక్క, కుక్క నుంచి చిరుత, చిరుత నుంచి చీకట్లో బయటికి వెళ్లక తప్పని పిల్లవాడు. ఈ గొలుసులో మొదటి లంకె మునిసిపల్ చెత్తబండి, చివరి లంకె మరుగుదొడ్డి. అటవీ శాఖ చేతిలో ఈ రెండూ లేవు.

ఈ సంగతి గుర్తించాకే పరిస్థితి మారింది. 2011లో అటవీ శాఖ, పరిశోధకులు, పౌరులు కలిసి ముంబైకర్స్ ఫర్ ఎస్‌జీఎన్‌పీ (సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం కోసం ముంబైవాసులు) అనే కార్యక్రమం మొదలుపెట్టారు. చిరుత కనిపిస్తే గుంపుగా దాని వెంట పడకూడదని బస్తీల్లో, గృహ సముదాయాల్లో చెప్పారు. జనాన్ని అదుపు చేయడంలో పోలీసులకు శిక్షణ ఇచ్చారు. భయపెట్టే శీర్షికల వల్ల బోను పెట్టమనే ఒత్తిడి ఎలా పెరుగుతుందో పత్రికల వారితో చర్చించారు. మునిసిపల్ సిబ్బందితో చెత్త గురించి, వీధిదీపాల గురించి మాట్లాడారు. చిరుత కనిపించడమే ప్రమాదం అనే భావన నుంచి, దాడి జరిగితేనే ప్రమాదం అనే భావన వైపు శాఖ కదిలింది. ఆ తర్వాతి ఏళ్లలో చిరుతల సంఖ్య తగ్గలేదు, దాడులు మాత్రం బాగా తగ్గాయి. వార్లీలకు ఇది కొత్త విద్య కాదు. వారు వాఘోబా పేరిట పెద్దపులిని, చిరుతను దేవుడిగా కొలుస్తారు, ఏటా మొక్కులు చెల్లిస్తారు. ఆ జంతువుతో కలిసి ఒకే చోట బతకవలసి ఉందన్న ఎరుక వారి కొలుపులోనే ఉంది.

దాడులు తగ్గాయంటే పూర్తిగా ఆగాయని కాదు. 2021లో ఆరే కాలనీలో కొద్ది వారాల వ్యవధిలో వరుసగా పలువురి మీద చిరుత దాడి జరిగింది. 2022 అక్టోబరులో అక్కడే ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. అలాంటప్పుడు దాడి చేసిన ఆ ఒక్క జంతువును గుర్తించి పట్టక తప్పదు. సహజీవనం అన్న మాట చెప్పడం ఎత్తైన అంతస్తులో ఉన్నవారికి సులువు, తలుపు లేని గుడిసెలో ఉన్న తల్లికి చాలా కష్టం. ఆ తేడాను మరచిపోయే సంరక్షణ వాదం ఎంతోకాలం నిలవదు.

తెలుగు పాఠకులకు ఈ చర్చ దూరపుది కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలికను చిరుత చంపడంతో భక్తుల్లో భయం అలముకుంది. శేషాచలం అడవిలో బోనులు పెట్టి పలు చిరుతలను పట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, పదిహేనేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం తర్వాత నడకదారిలోకి అనుమతించలేదు. వార్తల్లో కర్రలకు దక్కిన చోటు మరో నిర్ణయానికి దక్కలేదు. దారి పక్క జంతువులకు తిండి వేయడాన్ని నిషేధించడం, దుకాణాల వ్యర్థాలను బయట పారబోయకుండా చూడటం కూడా ఆనాటి నిర్ణయాల్లో ఉన్నాయి. ముంబై అనుభవం ప్రకారం అన్నిటికంటే ఎక్కువకాలం ఫలితమిచ్చేది అదే. బోను ఈ సంవత్సరపు చిరుతను తొలగిస్తుంది, వ్యర్థాలు వచ్చే సంవత్సరపు చిరుతను పిలుస్తాయి.

అంచు మీద పేచీ మరో రూపంలో ఆరేలో బయటపడింది. ఉద్యానానికి దక్షిణాన మూడు వేలకు పైగా ఎకరాల్లో 1949లో ఏర్పడిన ఆరే పాల కాలనీ ఈ పేచీ మొదలైనప్పుడు అధికారికంగా అడవి కాదు. పశువుల కొట్టాలు, పచ్చిక బీళ్లు, చెట్ల గుంపులు, ఆదివాసీ పాడాలు కలగలిసిన నేల అది. చిరుతకు మాత్రం ఉద్యానం ఎక్కడ ముగిసి ఆరే ఎక్కడ మొదలవుతుందో తెలియదు. 2016లో కేంద్రం ఉద్యానం చుట్టూ 100 మీటర్ల నుంచి 4 కిలోమీటర్ల వరకు వెడల్పున్న పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించినప్పుడు, మెట్రో మూడో లైను రైళ్లను నిలిపే కార్ షెడ్‌కు అనుకున్న స్థలం దాని బయట ఉండిపోయింది. ఆరేను అడవిగా ప్రకటించాలన్న పిటిషన్లను 2019 అక్టోబరు 4న బాంబే హైకోర్టు కొట్టివేసింది. ఆ రాత్రే రంపాలు దిగాయి. అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఆపమని చెప్పేసరికి రెండు వేలకు పైగా చెట్లు నేలకొరిగాయి. ఆ ఏడాది చివర ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం 2020లో షెడ్‌ను కాంజుర్‌మార్గ్‌కు తరలిస్తామన్నది, ఆరేలో దాదాపు 800 ఎకరాలను రక్షిత అడవిగా చేస్తామన్నది. 2022లో మళ్లీ ప్రభుత్వం మారి షెడ్ ఆరేకే తిరిగి వచ్చింది.

మెట్రో అనవసరమని ఎవరూ అనలేరు. లోకల్ రైళ్ల నుంచి పడి ఏటా ప్రాణాలు పోయే నగరానికి అది ప్రాణావసరం. ఆరే వివాదంలోని అసలు లోపం వేరే చోట ఉంది. ఒక నేల అడవి అవునా కాదా అన్నది దాని మీద ఏం పెరుగుతోందో, ఏం తిరుగుతోందో చూసి తేల్చలేదు. రికార్డులో దాన్ని ఏమని రాశారో చూసి తేల్చారు. రెవెన్యూ రికార్డులో అడవిగా నమోదు కాని నేల, ఎంత పచ్చగా ఉన్నా, తర్వాతి ప్రాజెక్టుకు ఖాళీ స్థలంగానే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో పొక్లెయిన్లు దిగినప్పుడు నడిచిన వాదన కూడా అక్షరాలా ఇదే. అక్కడ కూడా సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న జోక్యం చేసుకునేలోపే చాలా మేర నేల చదునైపోయింది. కోర్టు ఎంత వేగంగా స్పందించినా యంత్రం కంటే వెనకే ఉంటుంది కనుక, నగరాలు తమ అంచుల్లో మిగిలిన ఇలాంటి నేలలను వివాదం రాకముందే గుర్తించి నమోదు చేసుకోవడం ఒక్కటే దారి.

ఉద్యానం నగరానికి చేసే మేలును ఊపిరితిత్తులు అనే అరిగిపోయిన మాటతో సరిపెట్టడం అలవాటైంది. కొలవగలిగిన మేలు నీటి రూపంలో ఉంది. విహార్, పవాయి జలాశయాలు నిండి పొర్లిన నీరు మిఠీ నది అవుతుంది. దహిసర్, పోయిసర్ నదులు కూడా ఈ కొండల్లోనే పుడతాయి. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు మిఠీ పొంగి నగరాన్ని ముంచింది. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ దిగువన నది వెడల్పును ఆక్రమణలు, విమానాశ్రయం, కొత్త వ్యాపార కేంద్రాల కట్టడాలు ఎంతగా కుదించాయో ఆ రోజున బయటపడింది. వాలులు కూడా కాంక్రీటుతో నిండి ఉంటే ఆ నీరు ఇంకా ముందుగా, ఇంకా ఉధృతంగా దిగి ఉండేదన్నది ఇంజనీర్లు ఎవరైనా ఒప్పుకునే సంగతి. అడవి నేల వానను పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. ఆ నెమ్మదితనం కింది బస్తీలకు దొరికే గంటో రెండు గంటలో.

సందర్శకుల విషయం ఇక్కడ క్లుప్తంగా చెబితే చాలు. ఏటా లక్షల మంది వచ్చే ఈ ఉద్యానంలో వారు చూసేది బోరివలి గేటు నుంచి కన్హేరీ గుహల దాకా ఉన్న కొంత భాగం మాత్రమే. తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, సెలవు రోజు పిల్లలతో వచ్చే కుటుంబాలు, సఫారీ బస్సులు ఆ భాగానికే పరిమితం. ఈ ఏర్పాటు మంచిదే. చౌకగా దొరికే పచ్చని చోటు లేని నగరంలో సామాన్యులకు అడవి ముఖపరిచయం కావాలి, మిగతా అడవికి ఏకాంతమూ కావాలి. వాలుల నిండా పెరిగే కార్వీ పొద ఎనిమిదేళ్లకొకసారి ఒక్కుమ్మడిగా ఊదా రంగులో పూసి, విత్తనం రాల్చి చనిపోతుంది. జనం తొక్కిడి లేని చోటే ఆ విత్తనం మళ్లీ మొలకెత్తుతుంది.

రాబోయే రోజుల్లో ఈ అడవికి ఎదురయ్యే పరీక్ష నేల మీదకంటే నేల కింద, ఉత్తరపు అంచున ఎక్కువగా ఉంది. గోరేగావ్–ములుండ్ లింకు రోడ్డు కోసం 4.7 కిలోమీటర్ల జంట సొరంగాలు, ఠాణే–బోరివలి రోడ్డు కోసం పది కిలోమీటర్లకు పైగా సాగే జంట సొరంగాలు ఉద్యానం కిందుగా తవ్వుతున్నారు. ఈ రెండు పనులకూ 2024 జులైలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అడవిని రెండుగా చీల్చే రోడ్డు కంటే సొరంగం ఎంతో నయం, ఆ మేరకు ప్రణాళికాకర్తలను మెచ్చుకోవాలి. అయితే సొరంగం మొదలయ్యే, ముగిసే నోళ్ల దగ్గర నేల కావాలి, అవి రెండూ అంచు మీదే వస్తాయి. తవ్విన రాతిని ఎక్కడ పోస్తారు, గాలి గొట్టాలు ఎక్కడ తేలతాయి, తవ్వకపు అదురుకు రాతి పగుళ్లలోని ఊట నీరు దారి మళ్లుతుందా అన్నవి పనులు సాగినంతకాలం కొలుస్తూ ఉండవలసిన విషయాలు. ఆ కొలతలు ఎప్పటికప్పుడు జనం ముందుకు రావాలి.

అంతకంటే పెద్ద ప్రశ్న ఘోడ్‌బందర్ రోడ్డుది. ఉద్యానంలోని నాగ్లా భాగం ఈ రోడ్డుకు ఉత్తరాన, ఉప్పుటేటి ఒడ్డున, మిగతా అడవి నుంచి విడిపోయి ఉంది. ఉప్పుటేటికి అవతల తుంగారేశ్వర్ అభయారణ్యం, దాని వెనక సహ్యాద్రి దాకా సాగే అడవుల వరుస. ముంబై చిరుతలకు బయటి చిరుతలతో సంబంధం కలిపే దారి ఇదొక్కటే. నూటనాలుగు చదరపు కిలోమీటర్లలో నలభై యాభై చిరుతలు బయటి రక్తం కలవకుండా తరాల తరబడి ఆరోగ్యంగా కొనసాగలేవు. రాత్రింబవళ్లు లారీలు తిరిగే ఆ రోడ్డు రెండు వైపులా భవనాలు పెరుగుతున్నాయి, దాటబోయిన చిరుతలు వాహనాల కింద పడి చనిపోయిన ఉదంతాలున్నాయి. జంతువులు దాటడానికి వంతెనో కింది దారో కట్టడానికి అనువైన ఖాళీ చోట్లు అక్కడ ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేసే పనుల్లోనే, అంచనాలు వేసే దశలోనే దాన్ని చేర్చితే అయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టులో చిన్న భాగం. భవనాలు లేచాక అదే పనికి నేల దొరకదు.